మొరం నేల మీద జాకీ లెక్క

ఖరగ్‌పూర్ పక్కనున్న హిజ్లీ చుట్టుపక్కల ఎర్ర మొరం నేల ఎండాకాలం రాయిలా బిగుసుకుంటుంది. నాలుగు వానలు పడితే మడమ కిందే దిగిపోతుంది. ఇక్కడి నుంచి ఝార్‌గ్రామ్ సాల్ అడవుల వైపు థార్‌లాంటి బండి తీసుకెళ్లేవాళ్లు జాకీ కొనేటప్పుడు మొదట అడిగేది ‘ఎన్ని టన్నులది?’ అని. అడగాల్సినవి ఇంకో రెండున్నాయి: జాకీ ఎంత ఎత్తులో మొదలవుతుంది, దాని అడుగు ఎంత వెడల్పు?

ముందు టన్నుల సంగతి చూద్దాం. ఖాళీ థార్ సుమారు 1,750 కిలోలు. నలుగురు మనుషులు, సామాను కలిస్తే 2,200 అనుకోండి. అందులో సగం వెనుక ఇరుసు మీద, దానిలో సగం ఒక్కో చక్రం మీద, అంటే 550 కిలోలు. బండి ఒరిగి ఉండొచ్చు, టైరు బురదలో దిగబడొచ్చు కాబట్టి 700 వేసుకుందాం. రెండు టన్నుల జాకీ చాలు, మూడు టన్నులదైతే ధీమా.

ఇప్పుడు నేల. బాటిల్ జాకీ అడుగు 10 సెంటీమీటర్ల చదరం అనుకుంటే 100 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 700 కిలోలంటే చదరపు మీటరుకు 70 టన్నుల ఒత్తిడి. మెత్తని బంకమట్టి భరించేది సుమారు 10. జాకీ పైకి లేవాల్సింది పోయి నేలలోకి దిగుతుంది. కింద 30 సెంటీమీటర్ల చదరపు సాల్ చెక్క వేస్తే ఒత్తిడి 7.8 టన్నులకు తగ్గుతుంది. ఐదు సెంటీమీటర్ల మందమున్న ఆ చెక్క నాలుగు కిలోలే.

ఖరగ్‌పూర్ రైల్వే ఊరు కదా, పాత స్లీపర్ ముక్క వేస్తే సరిపోదా అనిపిస్తుంది. బ్రాడ్‌గేజ్ చెక్క స్లీపర్ మందం 13 సెంటీమీటర్లు. చిక్కంతా అక్కడే. 255/65 ఆర్18 టైరు ఎత్తు 79 సెంటీమీటర్లు, అది పంక్చరై కూలబడితే వెనుక ఇరుసు గొట్టం కింద మిగిలే చోటు దాదాపు 25. మూడు టన్నుల బాటిల్ జాకీ ముడుచుకున్నా 18 దాకా ఉంటుంది. ఐదు కలిపితే 23, దూరుతుంది. పదమూడు కలిపితే 31, దూరదు. అందుకే కొనేముందు జాకీ కనిష్ఠ ఎత్తు టేపుతో కొలవండి.

బంపరు కింద పెట్టి లేపే పొడుగు హై-లిఫ్ట్ జాకీ చాలామందికి మోజు. 48 అంగుళాలది 2,100 కిలోల దాకా మోస్తుంది. అయితే ఛాసిస్‌ని లేపితే సస్పెన్షన్ సాగినంతసేపూ చక్రం నేలనే అంటిపెట్టుకుంటుంది, బండి మాత్రం ఊగుతూ ఎత్తుకు పోతుంది. పిన్నుల్లో ఎర్రమట్టి ఇరుక్కుంటే పిడి ఎగిరి దవడ పగలగొట్టగలదు. ఇరుసు కింద బాటిల్ జాకీ పెడితే చక్రం తీయడానికి కొద్ది సెంటీమీటర్లు లేపితే చాలు. పంక్చరు కోసమైతే నేను దానికే ఓటు వేస్తాను.

పూర్తిగా బురదే అయితే గాలి సంచి జాకీ మంచిది. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న సంచి కింద ఒత్తిడి రెండున్నర టన్నులే, చెక్క అక్కర్లేదు. కానీ సాల్ మోడు గుచ్చుకుంటే అంతే.

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో తరాలుగా పనిచేసిన తెలుగు కుటుంబాలకు చెప్పనక్కర్లేదు: లేపిన రైలు పెట్టె ట్రెసిళ్ల (ఆనించే స్టాండ్ల) మీద కూర్చున్నాకే కిందికి దూరేది. అడవి దారిలో ట్రెసిల్ ఉండదు. చక్రం విప్పే ముందు స్టెప్నీని ఛాసిస్ కింద పడుకోబెట్టండి, ఎదురు చక్రానికి రెండువైపులా రాళ్లు పెట్టండి.