మీకు తెలుసా? నల్లకుంట ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది

చీకటి పడ్డాక నల్లకుంట కూరగాయల మార్కెట్లో ఫోన్‌తో వీడియో తీసి చూడండి. కంటికి నిలకడగా ఉన్న లైటు కింద, తెరమీద మాత్రం నల్లటి అడ్డచారలు పాకుతూ కనిపించవచ్చు. ఫోను పాడైందనుకోకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 చుట్లు. ఒక్కో చుట్టులో వెలుగు రెండుసార్లు తగ్గి పెరుగుతుంది కాబట్టి పాత చోకు ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కెమెరా సెన్సరేమో బొమ్మను ఒక్కో వరుసగా చదువుకుంటూ పోతుంది. వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరుసలే ఆ చారలు.

మందు షట్టర్ స్పీడులో ఉంది. ఒక్కో ఫ్రేమ్ మీద ఎంతసేపు వెలుతురు పడనివ్వాలన్నదే షట్టర్ స్పీడు. ఫోన్‌లో ప్రో మోడ్ తెరిచి 1/50 గానీ 1/100 గానీ పెడితే ప్రతి ఫ్రేమ్‌కూ మినుకులు లెక్కగా, పూర్తిగా అందుతాయి. చారలు పోతాయి. 1/500 పెట్టారా, మళ్ళీ ప్రత్యక్షం! 240 ఫ్రేముల స్లోమోషన్‌కు ఆ లైటు కింద ఆశ వదులుకోవాల్సిందే.

అమెరికా నుంచి అబ్బాయి పంపిన కెమెరాతో ఇంకో తంటా. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అందుకు తగ్గట్టే సెకనుకు 30 ఫ్రేములు, 1/60 షట్టర్. మనకు 25 ఫ్రేములు, 1/50 నప్పుతాయి. చాలా కెమెరాల మెనూలో ఎన్‌టీఎస్‌సీ, పాల్ అని ఉంటుంది. పాల్‌కు మార్చుకుంటే సరి.

ఎపర్చర్ అంకెలు మాత్రం కొత్తవాళ్ళను తికమక పెట్టడానికే పుట్టినట్టుంటాయి. అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/2లో పెడితే రంధ్రం 25 మిల్లీమీటర్లు, ఎఫ్/10లో 5 మిల్లీమీటర్లే. భాగహారమంతే. రంధ్రం పెద్దదైతే వెనకున్నవి మసకబారతాయి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు పెళ్ళి జంటను నిలబెట్టి, దగ్గర నుంచి ఎఫ్/1.8లో తీస్తే వెనక ఉన్నది కాలేజో, ఫంక్షన్ హాలో చుట్టాలకు తెలియదు. అంత దూరం వెళ్ళినందుకైనా ఎఫ్/8 పెట్టండి. ఎక్కువ ఫోన్లలో ఈ రంధ్రం మారదు. పోర్ట్రెయిట్ మోడ్‌లో వచ్చే మసక సాఫ్ట్‌వేర్ పూసిందే, అందుకే ఒక్కోసారి చెవిపోగు కూడా అందులో కలిసిపోతుంది.

అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలన్నదే ఐఎస్ఓ. దాన్ని పెంచితే చీకట్లో బొమ్మ వెలుగెక్కుతుంది, గరుకు కూడా వస్తుంది. వేరే దారి లేనప్పుడే పెంచాలి.

ఇంతకీ, ఉస్మానియా చేతిలో ఒకప్పుడు ఎంత పెద్ద కెమెరా ఉండేదో తెలుసా? బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ 1919లో విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అక్కడి 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ ఆకాశాన్ని గాజు పలకల మీద ఫొటోలు తీసే దూరదర్శిని. ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని పటం గీసే పనిలో హైదరాబాద్ వాటాకు వచ్చిన నక్షత్రాలు 7.6 లక్షలకు పైమాటే. నక్షత్రాలకు 1/100 చాలదు, ఎక్స్‌పోజర్ నిమిషాల్లో ఇవ్వాలి. ఆలోగా భూమి తిరిగి చుక్క కాస్తా గీత అవుతుంది కదా, అందుకని దూరదర్శిని కూడా నెమ్మదిగా ఆకాశంతోపాటే తిరగాలి.

మళ్ళీ ఆర్ట్స్ కాలేజీకే వస్తే, 1939లో ప్రారంభమైన ఆ భవనం గులాబీ ఛాయ గ్రానైట్. ఫ్రేమ్ నిండా ఆ గోడే ఉంటే, లైటు రంగును బట్టి బొమ్మ రంగులు సరిదిద్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ గులాబీని లైటు దోషంగా లెక్కగట్టి, తగ్గించి బూడిద రంగు చేసేయవచ్చు. ఆటో తీసేసి, ఎండలో అయితే సూర్యుడి గుర్తున్న డేలైట్ పెట్టుకోండి. సాయంత్రం లైట్లు వెలిగాక అయితే జేబులో ఓ తెల్ల కాగితం ఉంచుకుని, ముందు దాన్ని కెమెరాకు చూపించి కస్టమ్‌లో సెట్ చేసుకోండి.