హాన్‌జెల్ వైనరీ

హాన్‌జెల్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాలో, సొనోమా పట్టణానికి ఎగువన కొండవాలుపై ఉన్న ఒక చిన్న వైను తయారీ కేంద్రం. దీని స్థాపకుడు జేమ్స్ డేవిడ్ జెల్లర్‌బాక్ (1892 - 1963) వృత్తిరీత్యా కాగితపు పరిశ్రమకు చెందినవాడు. వైను అతనికి కేవలం అభిరుచి.

స్థాపన

రెండవ ప్రపంచ యుద్ధానంతరం మార్షల్ ప్రణాళిక అమలుకై జెల్లర్‌బాక్ ఇటలీలో పనిచేశాడు. తరువాత అదే దేశంలో అమెరికా రాయబారిగా కూడా ఉన్నాడు. ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతపు వైనులంటే అతనికి మక్కువ. అక్కడ ఎర్ర వైనుకు పినో న్వార్, తెల్ల వైనుకు షార్డొనే అనే ద్రాక్ష రకాలను వాడతారు. ఆ రోజులలో కాలిఫోర్నియాలో ఈ రెండూ అరుదు. అటువంటి వైనును తన ఊరి దగ్గరే తయారుచేయాలని 1948లో సొనోమాలో భూమి కొని, 1953లో ఆ రెండు రకాలనూ నాటించాడు. భార్య హానా పేరును, తన ఇంటిపేరును కలిపి హాన్‌జెల్ అని పేరు పెట్టాడు. భవనాన్ని బర్గండీలోని ప్రసిద్ధమైన క్లో ద వూజో నమూనాలో చిన్నదిగా కట్టించాడు. మొదటి వైను 1957లో తయారైంది.

ప్రయోగాలు

రూపంలో పాతదైనా లోపలి పద్ధతులు అప్పటికి కొత్తవి. తయారీ బాధ్యత బ్రాడ్ వెబ్ అనే శాస్త్రజ్ఞునిది. వేడి పెరిగితే సువాసన నశిస్తుంది కనుక, చల్లబరచుటకు వీలున్న స్టెయిన్‌లెస్ స్టీలు తొట్లలో రసాన్ని పులియబెట్టారు. ద్రాక్షలోని పుల్లని మాలిక్ ఆమ్లాన్ని కొన్ని బాక్టీరియాలు మృదువైన లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి (పెరుగులో ఉండేది ఈ ఆమ్లమే). అంతకు ముందు ఇది దానంతట అది జరిగితే జరిగేది, లేకుంటే లేదు. వెబ్, డేవిస్ లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు జాన్ ఇంగ్రహామ్‌తో కలిసి, పాలకు తోడు పెట్టినట్లుగా బాక్టీరియాను వేసి ఈ మార్పును కావలసినప్పుడు తెప్పించగలిగాడు.

అయితే పేరు తెచ్చినవి పీపాలు. స్థానికంగా ఎక్కువమంది పెద్ద పెద్ద రెడ్‌వుడ్ తొట్లను వాడుతుండగా, జెల్లర్‌బాక్ ఫ్రాన్సు నుండి చిన్న ఓక్ పీపాలను తెప్పించాడు. తన వైనులో లోపించిన బర్గండీ రుచి వీటితో వచ్చింది. వైను అమ్మకంపైనే బతికే రైతు ఇంత ఖర్చుకు సాహసించడం కష్టం. జెల్లర్‌బాక్‌కు ఆ ఇబ్బంది లేదు.

అతను 1963లో మరణించిన తరువాత కుటుంబం ఈ వ్యాపారాన్ని కొనసాగించలేదు. పీపాలలో మిగిలిన వైనును నాపా లోయకు చెందిన జో హైట్స్ కొని తన పేరుతో అమ్మాడు. ఆ వైనును రుచి చూసిన ఇతర తయారీదారులు కూడా ఫ్రెంచి పీపాల వైపు మొగ్గారు. తోట, భవనం 1965లో చేతులు మారాయి.