హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు: ఎదిగిన తీరు, తగ్గిన తీరు



2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. అది చూసిన ఎనిమిదో తరగతి పిల్లలు మరునాడు క్లాసులో మమ్మల్ని అడిగారు: "సార్, ఆ రహీం సాబ్ నిజంగా మన హైదరాబాదువారేనా?" అవునన్నాము. "ఆయన మాస్టారేనా?" అవునన్నాము. ఆ పై ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతూ, మన రాజధానిలో మన కళ్లముందరి తరం సాధించిన సంగతి రెండు వాక్యాలకు మించి చెప్పలేకపోవడం మాకు సిగ్గనిపించింది. అప్పటినుంచి చదివినవీ, పెద్దలను అడిగి సరిచూసుకున్నవీ ఒకచోట చేర్చి, సావనీరు సంపాదకుల కోరిక మీద ఇక్కడ రాస్తున్నాము. సేవా సంస్థ సంచికలో బంతాట కథ ఏమిటని కొందరు అనుకోవచ్చు. ఓపికతో చివరిదాకా చదవమని మనవి.

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు నిజాం పాలన చివరి సంవత్సరాలలో రూపుదిద్దుకుంది. కానిస్టేబుల్ ఉద్యోగం ఇచ్చి, పొద్దున సాయంత్రం ఆడించడం దాని పద్ధతి. బస్తీ కుర్రవాడికి ఇంతకంటే ఏం కావాలి? నెలకు జీతం, ఒంటి మీద యూనిఫాం, కాలి దగ్గర బంతి. 1943లో బెంగుళూరులో ఆష్ గోల్డ్ కప్ పోటీలో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి ఈ పోలీసులు మొదటిసారి బయట పేరు తెచ్చుకున్నారు. అప్పటి శిక్షకుడు నార్బర్ట్ ఫ్రువాల్. దాదాపు అదే కాలంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఒక బడిపంతులు వచ్చారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడులలో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల మాస్టారయ్యారు. మేము బి.ఎడ్. చదివేటప్పుడు ఎందరో విదేశీ విద్యావేత్తల పేర్లు బట్టీ పట్టాము. రహీం సాబ్ పేరు ఒక్క పుస్తకంలోనూ కనిపించలేదు. పిల్లవాడికి ఎలా నేర్పాలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు తక్కువ.

ఆయన 1950లో పోలీసు జట్టు శిక్షణ చేపట్టారు. ఆ కాలం ఎలాంటిదో పెద్దవారికి జ్ఞాపకం ఉంటుంది, చిన్నవారు విని ఉంటారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఉద్యోగాలు, అండదండలు, పలుకుబడి అన్నీ తలకిందులైన రోజులవి. చాలా ఇళ్లలో రేపేమిటన్న బెంగ ఉండేది. అటువంటి సమయంలో ఈ కానిస్టేబుళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచారు. 1891లో మొదలైన పాత పోటీ అది. 1950లో గెలిచి ఊరుకోలేదు. 1951, 1952, 1953, 1954లోనూ వాళ్లే. వరుసగా ఐదేళ్లు. కలకత్తా నుంచి ఏ పెద్ద జట్టు వచ్చినా ఆ ఐదేళ్లు కప్పు హైదరాబాదుకే వచ్చింది.

అదే 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ మళ్లీ మొదలైంది. 1888లో సిమ్లాలో ఆంగ్లేయులు పెట్టిన పోటీ అది, మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయింది. తిరిగి మొదలైన ఏడాదే ఫైనలులో మోహన్ బగాన్‌ను మన పోలీసులు ఓడించారు. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్ గెలిచారు. 1961లో నాలుగోసారి గెలిచేనాటికి రాష్ట్రం మారింది, జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది, ఓడింది మాత్రం మళ్లీ మోహన్ బగానే. రోవర్స్ కప్పులు అన్నీ కలిపితే తొమ్మిది, అందులో ఒకటి 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నది. రాష్ట్ర జట్టుగా సంతోష్ ట్రోఫీని హైదరాబాదు వరుసగా రెండేళ్లు, 1956-57లోనూ 1957-58లోనూ గెలిచింది.

ఈ లెక్కలకంటే మమ్మల్ని ఎక్కువ పట్టుకున్నది ఆయన నేర్పిన పద్ధతి. మన పిల్లలకు బంతి కాలికి తగిలితే వదలబుద్ధి కాదు. ఇద్దరిని తప్పించి మూడోవాడి దగ్గర పోగొట్టుకుంటారు. రహీం సాబ్ దీనికి ఉపన్యాసం ఇవ్వలేదు. డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు పెట్టారు. బంతి అందగానే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి, అంతే. అలా ఆడాలంటే బంతి రాకముందే తలెత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. కుడికాలివాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి, ఎడమకాలివాటం ఉన్నవాడు కుడికాలితోనే ఆడాలి అనే పోటీలు కూడా పెట్టారు. నియమం మారిస్తే అలవాటు మారుతుందన్నది ఆయన నమ్మకం. పాఠం చెప్పేవారికి ఇందులో ఎంత తెలివి ఉందో అర్థమవుతుంది. తప్పు చేసినవాణ్ణి తిట్టే పని లేదు, ఆటే దిద్దుతుంది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో మన దేశంలో ఐదుగురు ముందు వరుసలో నిలబడి ఆడేవారు. రహీం సాబ్ మధ్యలో ఉండే సెంటర్ ఫార్వర్డును కొంచెం వెనక్కి లాగి ఆడించారు. అతణ్ణి కాపలా కాసే ప్రత్యర్థికి వెంట రావాలా, తన చోటే ఉండాలా తెలిసేది కాదు. 1953లో హంగరీ ఇలాగే ఆడి ఇంగ్లండును వాళ్ల సొంత మైదానంలో ఓడించింది. అటు యూరపులో జరుగుతున్న మార్పును ఇక్కడ ఫతే మైదాన్‌లో కూర్చున్న ఒక మాస్టారు పట్టుకుని కానిస్టేబుళ్లకు నేర్పారు. ఇంటర్నెట్ లేదు, టీవీ లేదు.

దేశ జట్టుకూ ఆయనే శిక్షకులు. 1951లో ఢిల్లీ ఏషియాడ్ ఫైనలులో ఇరాన్‌పై 1-0తో బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడాము. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అన్న సంగతి అందరికీ తెలిసివచ్చింది. నాలుగేళ్లకు, 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందాము. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం లాంటి హైదరాబాదు, సికింద్రాబాదు కుర్రాళ్లు ఎందరో ఉన్నారు.

బలరాం గురించి కొంచెం ఆగి చెప్పాలి. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టారు. ఆట చూసి రహీం సాబ్ శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాదు రావడానికి పిల్లవాడి దగ్గర డబ్బు లేదు. రహీం సాబ్ సైకిలు అద్దెకు తన జేబులోంచి ఇచ్చి రప్పించుకున్నారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రవాడే రెండు ఒలింపిక్స్ ఆడి, 1962 ఏషియాడ్ బంగారు పతకం తెచ్చి, అర్జున పురస్కారం అందుకున్నారు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

1962 జకార్తా సంగతి ప్రతి ఇంట్లో పిల్లలకు చెప్పదగినది. రహీం సాబ్‌కు అప్పటికే క్యాన్సర్. తొలి మ్యాచ్‌లో కొరియా చేతిలో 2-0తో ఓడాము. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన క్రీడాధికారి ఒకరు బహిరంగంగా తప్పుపట్టడంతో అక్కడి జనం మనపై కోపంగా ఉన్నారు. సెప్టెంబరు 4న ఫైనలు. ఎదుట మళ్లీ కొరియా. లక్షమంది దాకా ఉన్న స్టేడియంలో మనవాళ్లు అడుగుపెడితే గేలి. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ సెంటర్ ఫార్వర్డుగా దింపారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2-1. ఆ జనం మధ్య మనవాళ్ల కోసం చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టువాళ్లు ఉన్నారని ఆటగాళ్లే తర్వాత చెప్పుకున్నారు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ మరణించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. ఆ తర్వాత ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి బంగారం రాలేదు. 1970లో కంచు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదీయే.

మరి జట్టు ఎందుకు తగ్గింది? 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. మళ్లీ గెలవలేదు. చాలామంది క్రికెట్ మీద నెపం వేస్తారు. మాకు అది సగం మాటే అనిపిస్తుంది. 1983 ప్రపంచకప్పు రాకముందే, ఇక్కడ ఫుట్‌బాల్ నీరసించింది. మా దృష్టిలో మొదటి కారణం కలకత్తా. అక్కడి పెద్ద క్లబ్బులు డబ్బు, పేరు రెండూ ఇచ్చేవి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. తర్వాత నయీం, మహమ్మద్ హబీబ్, హబీబ్ తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ అందరూ అటే. 1977లో పెలే కలకత్తా వచ్చి కాస్మాస్ తరఫున ఆడినప్పుడు 2-2గా ముగిసిన ఆ మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవారిలో మన హబీబ్ ఒకరు. సంతోషించవలసిందే. కానీ ఆ గోలు చూడడానికి హైదరాబాదు కుర్రవాడికి అవకాశం ఏది? ఆటగాళ్లు కలకత్తాలో పెరిగారు, వాళ్లను చూసి పెరగవలసిన పిల్లలు ఇక్కడ ఉండిపోయారు.

రెండోది ఇంకా బాధ కలిగించేది. శిక్షణ, అసోసియేషన్ కార్యదర్శి పని, కుర్రాళ్లను వెతకడం, సైకిలు అద్దె, అన్నీ ఒక్క మనిషి భుజాల మీదే నడిచాయి. ఆయన పోయాక ఆ పనులు పంచుకునేవారు లేరు. సంఘాలలో తగాదాలు మిగిలాయి. బస్తీలలో ఆడుకునే ఖాళీ స్థలాలు ఒకటొకటిగా ఇళ్లయ్యాయి. పోలీసు ఉద్యోగమూ ఆటగాడికి మునుపటిలా దారి కాలేదు. ఒక మంచి మనిషి మీద ఆధారపడి నడిచే ప్రతి సంస్థకూ ఈ ప్రమాదం ఉంటుందని, మన సొసైటీ సమావేశాలలో కూర్చున్నప్పుడు మాకు చాలాసార్లు గుర్తుకొస్తుంది.

ఇటీవలి సంగతి క్లుప్తంగా. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒక జట్టు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపారు. కరోనా వల్ల ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి, మన ఊరివాళ్లకు ఒక్కటీ చూసే భాగ్యం కలగలేదు. తర్వాత జీతాల ఇబ్బందులు, ఆటగాళ్ల వలస, యాజమాన్యం మారడం, చివరికి 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరే మార్చుకుంది. పోలీసు జట్టు గొప్పగా బతికినన్ని ఏళ్లలో సగం కూడా అది నిలవలేదు.

ఇక మెదక్ మాట. మూడేళ్ల కిందట మా బడి పిల్లవాడొకడు ఎంపిక పోటీలకు హైదరాబాదు వెళ్లాడు. తండ్రి తోపుడుబండి మీద పండ్లు అమ్ముతారు. పిల్లవాడిది మంచి ఎడమకాలు. చెప్పులు వదిలి ఆడడం అలవాటు. బూట్లు లేవని నిర్వాహకులు వాణ్ణి మైదానంలోకి దిగనివ్వలేదు. సాయంత్రం రైలుకు తిరిగొచ్చాడు, మరుసటి సోమవారం బడికి రాలేదు. బూట్ల ఖరీదు ఈ సావనీరు చదివే మనలో ఎవరికీ భారం కాదు. నిర్వాహకులను అనడం తేలిక. వెళ్లేముందు వాడి కాళ్లకేసి చూడవలసింది మేము. బలరాం సైకిలు కథ అప్పటికి మాకు తెలియదు. ఇప్పుడు ఆ కుర్రవాడు ఒక మొబైల్ దుకాణంలో పనిచేస్తున్నాడు.

కిందటి చలికాలం నుంచి శుక్రవారం అసర్ తర్వాత పిల్లలను మైదానానికి తీసుకెళుతున్నాము. అన్ని మతాల పిల్లలూ వస్తారు. బంతులు రెండున్నాయి, ఒకటి గాలి నిలవదు. రహీం సాబ్ నియమమే పెట్టాము: కుడికాలివాటం వాళ్లు ఎడమకాలితోనే కొట్టాలి. మొదటి రోజు నలభై నిమిషాలలో ఒక్క గోలూ పడలేదు, చూసేవాళ్లు నవ్వి నవ్వి కూలబడ్డారు. నాలుగో వారం మూడు పడ్డాయి. అందులో ఒకటి, సినిమా చూసి ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడు కొట్టినది.