మిరప కోతలకూ ఏప్రిల్ పరీక్షలకూ మధ్య: పెద్దల చదువుకు ఒక లెక్క

మధ్యలో ఆగిన చదువును ముప్పై, నలభై ఏళ్ల వయసులో మళ్లీ అందుకోవాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న, "ఇప్పుడు నా బుర్రకెక్కుతుందా?" అని. ఆ తర్వాత ఫీజు ఎంత, దరఖాస్తు ఎక్కడ అని అడుగుతారు. ఏ నెలలో చదవగలను, ఏ నెలలో చదవలేను అన్న ప్రశ్న మాత్రం చాలామందికి తట్టదు. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ మీదుగా సత్తుపల్లి వెళ్లే దారిలో ఉన్న కల్లూరు లాంటి మండలంలో ఆ ప్రశ్నకు జవాబు ప్రతి ఇంటికీ తెలుసు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి నాట్లు జులై, ఆగస్టుల్లో. పత్తి తీత అక్టోబరు నుంచి. మిరప కోతలు జనవరి నుంచి మార్చి దాకా. ఆ వెనకే మామిడి, ఉపాధి హామీ పని. పెద్దల చదువు నిలబడాలంటే ముందు ఈ పనుల క్యాలెండరును పక్కన పెట్టుకుని కోర్సును ఎంచుకోవాలి. ఓపెన్ స్కూలు, సార్వత్రిక విశ్వవిద్యాలయాల నియమాల్లో అందుకు కావలసినంత వెసులుబాటు ఉంది. దాన్ని వాడుకోవడం తెలియకపోవడం వల్లే చదువు రెండోసారి కూడా మధ్యలో ఆగే ప్రమాదం ఉంది.

ఈ చదువు ఎవరికి అవసరమో ముందు చూద్దాం. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో అక్షరాస్యత సుమారు 65 శాతం. మగవాళ్లలో అది 72 దరిదాపుల్లో ఉంటే ఆడవాళ్లలో 57 దగ్గరే ఆగింది. ఆనాడు బడికి దూరమైన ఆడపిల్లలు ఇవాళ పిల్లల తల్లులు, మహిళా సంఘాల సభ్యులు, అంగన్‌వాడీ కేంద్రాల్లో ఆయాలు. ఆయా సంగతే తీసుకుందాం. 2022 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అంగన్‌వాడీ టీచరు కావాలంటే ఇంటర్ పాసై ఉండాలి. అదే అర్హతతో, ఐదేళ్ల అనుభవంతో ఉన్న ఆయాకు పదోన్నతి దారి ఉంది. పనిలో ఎంత చేయి తిరిగినదైనా చేతిలో మెమో లేకపోతే ఆ దారి తెరుచుకోదు. ప్రభుత్వ ఉద్యోగాలకు వయసు దాటిపోయిందనుకునేవాళ్లు కూడా ఒక సంగతి గమనించాలి. యూనిఫాం లేని ఉద్యోగాలకు సాధారణ గరిష్ఠ వయసును తెలంగాణ ప్రభుత్వం 2024లో 46 ఏళ్లకు పెంచింది. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఆపైన సడలింపు ఉంటుంది. ఇలాంటి పరిమితులు మారుతుంటాయి కనుక నోటిఫికేషన్ వచ్చినప్పుడు మళ్లీ చూసుకోవాలి.

పూర్తిగా చదవడం రాయడం రానివాళ్లకు మొదటి మెట్టు వయోజన అక్షరాస్యత. 15 ఏళ్లు నిండినవాళ్ల కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన, ఉల్లాస్ పేరుతో నడుస్తున్న కార్యక్రమం వలంటీర్ల సాయంతో సాగుతోంది. ఆపై మెట్టు తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం, అంటే జనం నోట్లో ఓపెన్ స్కూలు. 14 ఏళ్లు నిండినవాళ్లెవరైనా ఇందులో టెన్త్‌కు చేరవచ్చు. పై వయసుకు హద్దు లేదు. టెన్త్ పాసైనవాళ్లు ఇంటర్‌కు చేరవచ్చు. ఊళ్లలోని ప్రభుత్వ పాఠశాలలే ఎక్కువగా దీని స్టడీ సెంటర్లు. తరగతులు ఆదివారాలు, సెలవు రోజుల్లో జరుగుతాయి. తరగతిలో కూర్చునే గంటలు తక్కువ కాబట్టి పుస్తకం సొంతంగా చదువుకోక తప్పదు. రెగ్యులర్ బడికీ దీనికీ ఉన్న అసలు తేడా పరీక్షల తీరులో ఉంది. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లోనూ సెప్టెంబరు-అక్టోబరుల్లోనూ పెడతారు. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాసి తీరాలన్న నియమం లేదు. పాసైన సబ్జెక్టు ఖాతాలో పడిపోతుంది, మిగిలినవి ఐదేళ్లలోపు పూర్తి చేసుకోవచ్చు. రెగ్యులర్ టెన్త్‌లో తప్పినవాళ్లు అప్పట్లో పాసైన సబ్జెక్టుల మార్కులను, షరతులకు లోబడి, రెండింటి వరకు ఇక్కడికి తెచ్చుకునే వీలు కూడా ఉంది.

ఇప్పుడు ఈ నియమాలను కల్లూరు పనుల మీద పరిచి చూడండి. ప్రవేశాల ప్రకటన సాధారణంగా వానాకాలంలో, నాట్ల హడావుడిలో వస్తుంది. ఆ గడువు తెలియక ఏడాది పోగొట్టుకునేవాళ్లుంటారు. చేరాక పుస్తకాలు చేతికొచ్చే సరికి పత్తి తీత మొదలవుతుంది. మొదటి పరీక్ష ఏప్రిల్‌లో అనుకుంటే, దానికి ముందున్న మూడు నెలలూ మిరప తోటల్లోనే గడుస్తాయి. పొద్దున్నే ముఠాతో వెళ్లి సాయంత్రం దాకా వంగి కాయలు కోసి వచ్చిన మనిషిని రాత్రి ఐదు సబ్జెక్టులు చదవమనడం అన్యాయం. ఐదింటికీ ఫీజు కట్టి, రెండు పరీక్షలకు వెళ్లి, తప్పాక "నాకు చదువు రాదు" అని ముద్ర వేసుకోవడం అంతకంటే పెద్ద నష్టం. మొదటి ఏప్రిల్‌లో తేలికనిపించిన రెండు సబ్జెక్టులే రాస్తే ఆ భారం సగానికి పైగా తగ్గుతుంది. వేసవి పనులు ముగిసి, కలుపు తీతలకూ పంట కోతలకూ నడుమ కాస్త ఊపిరి దొరికే కాలంలో సెప్టెంబరు-అక్టోబరు పరీక్షలు పడతాయి కనుక కష్టమైన మూడింటిని అటు మళ్లించవచ్చు. రోజుకు అరగంట చొప్పున నాలుగు నెలలు చదివితే 60 గంటలు. రెండు సబ్జెక్టులకు పంచితే ఒక్కోదానికి 30 గంటలు వస్తాయి. అదే గంటలు ఐదింటికి పంచితే ఒక్కోదానికి 12 మాత్రమే మిగులుతాయి.

సబ్జెక్టుల ఎంపిక కూడా ఇలాగే వెనక నుంచి ముందుకు చేసుకోవాలి. ఓపెన్ టెన్త్‌లో భాషలతో పాటు లెక్కలు, సైన్సు, సాంఘికం, ఎకనామిక్స్, హోం సైన్స్ లాంటివి ఉంటాయి. లెక్కలంటే భయపడేవాళ్లు వాటిని పక్కన పెట్టి పాసు కావచ్చు. ఆ వెసులుబాటు మంచిదే, దాని ఖరీదు మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి ట్రేడులకు టెన్త్‌లో లెక్కలు, సైన్సు ఉండాలంటారు. సత్తుపల్లి దగ్గరి సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల చుట్టూ, అశ్వారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీ చుట్టూ సాంకేతిక పని వెతుక్కునే యువకుడు ఇవాళ తేలిక కోసం లెక్కలు వదిలేస్తే రెండేళ్ల తర్వాత గేటు దగ్గర ఆగిపోతాడు. అంగన్‌వాడీ పదోన్నతో, డిగ్రీలో ఆర్ట్స్ గ్రూపో లక్ష్యమైన మహిళకు ఆ బెడద లేదు. ఎక్కడికి చేరాలో తేల్చుకుని, ఆ చోటివాళ్లు ఏమి అడుగుతారో కనుక్కుని, అప్పుడు దరఖాస్తులో టిక్కులు పెట్టాలి.

ఇంటర్ దాటాక డిగ్రీ చదవాలనుకునేవాళ్లకు తెలుగు నేలలోనే పెద్ద దిక్కుంది. బ్రిటన్‌లో 1969లో పుట్టిన ఓపెన్ యూనివర్సిటీ నమూనాను చూసి, 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో ఇదే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి ఉపకులపతి జి. రామిరెడ్డే 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి అయ్యారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఒకప్పుడు బడి చదువు లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరేవాళ్లు. ఆ పాత కబురు నమ్మి ఇప్పుడు ఇంటర్ ఎగ్గొట్టాలని చూడకండి. ఇంటరో, దానికి సమానమైన అర్హతో అడుగుతున్నారు. పైగా 2024 నుంచి దూరవిద్యలో చేరేవాళ్లు ఆధార్, అకడమిక్ క్రెడిట్ బ్యాంకు ఖాతాల ఆధారంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పోర్టల్‌లో డెబ్ (దూరవిద్యా బ్యూరో) ఐడీ తీసుకోవాలి. ఫోన్ నంబరు ఆధార్‌కు అనుసంధానమై లేకపోతే పని అక్కడే ఆగుతుంది కనుక, చివరి తేదీకి ముందే మీసేవలో సరిచూసుకోవడం మేలు.

"ఈ వయసులో బుర్రకెక్కుతుందా" అన్న సందేహాన్ని తేలిగ్గా తోసేయనక్కర్లేదు. జ్ఞాపకశక్తి వయసుతో కొంత తగ్గే మాట నిజం. అమెరికా మనస్తత్వవేత్త థార్న్‌డైక్ పెద్దవాళ్ల మీద పరిశోధించి 1928లో ఒక పుస్తకం తెచ్చాడు. నేర్చుకునే శక్తి ఇరవైలలో శిఖరానికి చేరాక నలభై ఐదు దాకా ఏటా ఒక శాతం చొప్పున మాత్రమే తగ్గుతుందని అందులో తేల్చాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడి కంటే నలభై ఏళ్ల మనిషి వేగంలో కొంత వెనకబడతాడు, నేర్చుకోలేని స్థితికి మాత్రం రాడు. ధరలు, వడ్డీలు, కొలతలు నిత్యం చూసే అనుభవం ఎకనామిక్స్, లెక్కల పాఠాల్లో అతనికి అక్కరకొస్తుంది కూడా. జర్మనీకి చెందిన ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించిన మరో సంగతి ఇంకా ఉపయోగకరం. ఒక్కసారి చదివింది త్వరగా మరిచిపోతాం. రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ చదివింది నిలుస్తుంది. పరీక్ష ముందు వారం రాత్రింబవళ్లు చదవడం పెద్దవాళ్ల వల్ల కాదు, అవసరమూ లేదు. రోజూ అరగంట, వారానికోసారి వెనక్కి తిప్పి పుస్తకం మూసి రాసుకోవడం, ఇదే వాళ్లకు సరిపడే పద్ధతి.

రెండో అభ్యంతరం సర్టిఫికెట్ విలువ గురించి. "ఓపెన్‌లో చదివింది చెల్లదు" అనే మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఓపెన్ టెన్త్, ఇంటర్ రెగ్యులర్ బోర్డులకు సమానమే. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీలు కూడా రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది. కానీ ఆ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. చూచిరాతల చెడ్డపేరు, డబ్బు కడితే చాలు పాసు అనే ఏజెంట్ల ప్రకటనలు దానికి ఎరువు. "ఒకే సిట్టింగులో డిగ్రీ" అని బోర్డు కట్టినవాళ్ల దగ్గరికి పోవద్దు. మూడేళ్ల డిగ్రీ ఒకే పరీక్షతో ఇచ్చే పద్ధతి చట్టంలో లేదు. నర్సింగ్, ఇంజినీరింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం డిగ్రీలను దూరవిద్యలో ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. అలా ఇస్తామనేవాళ్ల సర్టిఫికెట్ చిత్తు కాగితంతో సమానం. కాపీ కొట్టి తెచ్చుకున్న మార్కులైనా తర్వాతి మెట్టులో, ఉద్యోగ పరీక్షలో నిలబెట్టవు.

ఇక కాగితాల సంగతి. ఆడవాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. బడి రికార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉండటం మనకు మామూలే. పుట్టిన తేదీ కూడా టీసీలో ఒకటి, ఆధార్‌లో మరొకటి ఉంటుంది. దరఖాస్తులో పడిన పేరు, తేదీ రేపు మెమోలోకి, అక్కడి నుంచి ప్రతి ఉద్యోగ దరఖాస్తులోకి వెళతాయి. మెమో వచ్చాక మార్చుకోవడం నెలల తరబడి సాగే పని. కనుక చదివిన బడికి వెళ్లి టీసీ లేదా రికార్డు షీటు తీసుకుని, ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చి, తేడా ఉంటే ముందే సరిచేయించుకోవాలి. కుల ధ్రువపత్రం, ఫొటోలు, కట్టిన ఫీజుల రసీదులు ఒకే ఫైలులో పెట్టుకుంటే ఐదేళ్ల దాకా పనికొస్తాయి.

"ఇదంతా ఖాళీ ఉన్నవాళ్లకు చెప్పండి, ఇంటి పనీ పొలం పనీ ఒంటి చేత్తో చేసే ఆడదానికి అరగంట ఎక్కడిది?" అని అడిగితే ఆ మాటలో బలం ఉంది. సౌకర్యాలు కొంత మెరుగయ్యాయి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు, కాబట్టి సత్తుపల్లికో ఖమ్మానికో తరగతికి వెళ్లే ఖర్చు తగ్గింది. రాష్ట్ర ప్రభుత్వ టీశాట్ ఛానళ్ల పాఠాలు ఫోన్‌లోనే చూడవచ్చు. కానీ సమయం బస్సు పాసులా ప్రభుత్వం ఇచ్చేది కాదు, అది ఇంట్లోవాళ్లు పంచుకోవాల్సినది. పరీక్షల వారం వంట, పిల్లలు, పశువుల పని ఎవరు చూస్తారో ఫీజు కట్టే ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. అడవి అంచున దమ్మపేట, అశ్వారావుపేట వైపు గూడేల్లో కష్టం మరింత ఎక్కువ. కోయ మాట్లాడే మనిషికి తెలుగు పుస్తకమే రెండో భాష. అక్కడ ఒంటరిగా చదవడం కంటే నలుగురు కలిసి పైకి చదువుకుంటూ, ఇంటర్ చదివే పిల్లల చేత అర్థం చెప్పించుకోవడం మేలు. స్టడీ సెంటర్లు మండల కేంద్రాల్లోనే ఆగకుండా గూడేలకు దగ్గరగా రావాలని అడగడం న్యాయమైన కోరిక.

చివరి అభ్యంతరం: "ఉద్యోగం రాకపోతే ఇంత శ్రమ దేనికి?" ఉద్యోగం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ పెద్దల చదువు ఫలితాన్ని ఉద్యోగాల లెక్కతోనే కొలిస్తే మన చరిత్రనే మరిచినట్టు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన కూలి మహిళలు 1992లో ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అది ఉద్యమంగా నాటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. ఆ చదువుకు ఏ సర్టిఫికెట్టూ లేదు. బ్యాంకు కాగితం, భూమి పాసుపుస్తకం, ఆసుపత్రి చీటీ తానే చదువుకుని సంతకం పెట్టే మనిషిని మోసం చేయడం కష్టం.

అందుకే చేరాలనుకునేవాళ్లకు చెప్పేది ఇంతే. ముందు మీ ఇంటి పనుల నెలలు ఒక కాగితం మీద రాసుకోండి. చేరాలనుకున్న చోటు ఏ సబ్జెక్టులు అడుగుతుందో కనుక్కోండి. టీసీ, ఆధార్ సరిచూసుకోండి. దగ్గరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో స్టడీ సెంటర్ ఉందో, ప్రకటన ఎప్పుడొస్తుందో జూన్‌లోనే అడగండి. మొదటిసారి రెండు సబ్జెక్టులకు మించి రాయకండి. ఐదేళ్ల గడువు మీ కోసం పెట్టిందే, దాన్ని వాడుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.