ఒకటి పోతే రెండోది

టీ కొట్టు గల్లాపెట్టె పక్కన అతికించిన క్యూఆర్ కోడ్‌ను ఈసారి ఓ క్షణం ఆగి చూడండి. ఓ మూల చిరిగి ఉంటుంది. మీద టీ చుక్కలు ఎండి మరకలు కట్టి ఉంటాయి. నట్టనడుమ యాప్ బొమ్మ కొన్ని గళ్లను కప్పేసి ఉంటుంది. అయినా ఫోన్ పెట్టగానే కొట్టు యజమాని పేరు తెరమీదికి వచ్చేస్తుంది.

1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హారా బృందం ఈ కోడ్‌ను కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. ఫ్యాక్టరీ అన్నాక నూనె అంటుతుంది, మురికి పడుతుంది. అందుకే అసలు సమాచారంతో పాటు, అది చెడిపోతే లెక్కకట్టి తిరిగి రాబట్టుకోవడానికి కావలసిన అదనపు గళ్లనూ అందులోనే కలిపారు. ఎక్కువ రక్షణ ఉండేలా ముద్రిస్తే దాదాపు 30 శాతం దాకా పాడైనా కోడ్ పనిచేస్తుంది.

ఇంజినీర్లు దీన్ని రిడండెన్సీ అంటారు. వాళ్ల నోట అది మెచ్చుకోలు. కంపెనీ హెచ్ఆర్ నోట అదే మాట వస్తే ఉద్యోగం పోయినట్టు. లెక్కల పుస్తకం తిరగేసేవారికి అది వృథా ఖర్చు. ‘అక్కర్లేదు’ అని తేల్చేముందు అది ఎవరిని కాస్తోందో చూడాలన్నదే ఈ కథనం ఉద్దేశం.

ఆధార్ సంఖ్యలో 12 అంకెలున్నాయి. చివరి అంకె ముందున్న పదకొండింటి నుంచి వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కకట్టి చేర్చినది. మీసేవలో అబ్బాయి ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారు చేసినా లెక్క కుదరదు, కంప్యూటర్ అక్కడే ఆపేస్తుంది. మన మాటల్లోనూ ఈ ఏర్పాటుంది. ‘నేను రేపు వస్తాను’లో ‘నేను’ వినబడకపోయినా వచ్చేదెవరో ‘వస్తాను’ చెబుతుంది. ఊరి నుంచి అమ్మ చేసిన ఫోన్‌లో సగం మాటలు తెగిపోయినా సంగతి అందుతుంది. ఇంగ్లిష్ రాతలో దాదాపు సగం ఇలాంటి అదనమేనని గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1948లోనే అంచనా కట్టాడు.

అయితే అదనంగా ఉన్నంత మాత్రాన అది ఆదుకుంటుందన్న హామీ లేదు. 1989 జులై 19న డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 విమానంలో ఇదే తేలింది. అది డీసీ-10. రెక్కల మీది, తోక మీది పలకలను కదిలించే హైడ్రాలిక్ వ్యవస్థలు అందులో మూడు. రెండు పోయినా మూడోది చాలు. మూడూ ఒకేసారి పోవడం జరగదన్న నమ్మకంతో కట్టిన విమానం అది. కానీ మూడింటి గొట్టాలూ తోక భాగంలో దగ్గరదగ్గరగానే సాగుతున్నాయి. తోకలోని ఇంజిన్ ఫ్యాన్ డిస్క్ గాల్లో పగిలింది. ఆ ముక్కల దెబ్బకు మూడు వ్యవస్థల్లోని ద్రవమూ కారిపోయింది. పైలట్ కంట్రోల్ ఎటు తిప్పినా విమానం వినలేదు.

కెప్టెన్ ఆల్ హేన్స్‌కు ఆ రోజు అక్కరకొచ్చింది ఇంకో అదనం. ప్రయాణికుల్లో డెన్నీ ఫిచ్ అనే డీసీ-10 శిక్షకుడున్నాడు. డ్యూటీలో లేని ఆ పైలట్ కాక్‌పిట్‌లోకి వచ్చి, మిగిలిన రెండు ఇంజిన్ల వేగాన్ని చేత్తో పెంచుతూ తగ్గిస్తూ విమానాన్ని దారిలో పెట్టేందుకు సాయపడ్డాడు. సూ సిటీ రన్‌వే మీద అది కూలిపోయింది. అయినా 296 మందిలో 184 మంది బతికారు. యంత్రంలో దాచుకున్న మూడూ చేతులెత్తేసిన చోట ఒక మనిషి నిలబడ్డాడు.

జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలోనూ ఇదే పాఠం: అదనాలన్నీ ఒకేచోట ఉంటే ఒకే దెబ్బకు పోతాయి. 2011 మార్చి 11న భూకంపానికి బయటి కరెంటు పోగానే డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. గంటలోపే సునామీ వచ్చింది. జనరేటర్లలో చాలామట్టుకు పల్లంలో, నేలమాళిగల్లో ఉన్నాయి. నీళ్లు వాటిని ఒకేసారి ముంచాయి. కాస్త ఎత్తులో, నీళ్లతో కాక గాలితో చల్లబడే ఒక జనరేటర్ మాత్రం ఆగలేదు. 5, 6 రియాక్టర్లను కాపాడింది అదే. బోయింగ్ 737 మ్యాక్స్‌లోనైతే, ముక్కు ఎంత పైకి లేచిందో చెప్పే సెన్సార్లు రెండున్నా, విమానాన్ని కిందికి వంచే సాఫ్ట్‌వేర్ ఒకదాని మాటే విన్నది. రెండు ప్రమాదాల్లో 346 ప్రాణాలు పోయాయి. రెండోది ఉండీ దాన్ని అడగకపోవడం నా దృష్టిలో క్షమించరాని తప్పు.

ఇక మనుషుల సంగతి. బ్రిటన్‌లో పోస్టు ఎత్తేసి ఉద్యోగిని తీసేయడానికి చట్టంలో ఉన్న పేరే రిడండెన్సీ. దానికి పరిహారం ఇవ్వాలని 1965లోనే చట్టం చేశారు. అమెరికాలో హెచ్-1బీ మీదున్న మన పిల్లలకు ఉద్యోగం పోయాక దొరికే గడువు మహా అయితే 60 రోజులు. కొత్త కొలువు వెతుక్కోవడం, పిల్లల బడి, ఇంటి అద్దె, ఇక్కడ తల్లిదండ్రుల మందులు అన్నీ ఆ లోపే తేలాలి. ఆ పరిస్థితిలో ఉన్నవారిని ‘మిగులు’ అనడానికి నాకు నోరు రాదు. ఇద్దరి పని ఒకరితో అవుతుందని లెక్క తేల్చేవారు, ఆ ఒకరూ మంచాన పడితే ఏం చేస్తారో కూడా అదే కాగితం మీద రాయాలి.

మన రైలింజిన్‌లో లోకో పైలట్ పక్కన అసిస్టెంట్ కూర్చుంటాడు. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు చూసి తిరిగి చెప్పాలి. తెల్లవారుజామున మూడింటికి ఒకరి కళ్లు మూతలు పడినా రెండో జత కళ్లు పట్టాల మీద ఉండాలనే ఈ నిబంధన. దీన్ని దండగ అనే ధైర్యం ఎవరికుంది?

ఇంట్లోనూ ఇదే చూసుకోండి. బీమా పాలసీ, బ్యాంకు ఖాతా, పొలం పాసుపుస్తకం ఎక్కడున్నాయో ఒక్కరికే తెలిస్తే, ఈ ఆదివారమే ఇంకొకరికి చూపించండి. ఫొటోలు వేరేచోట దాచామనుకుంటే అక్కడి నుంచి ఒకటి తెరిచి చూడండి. జిరాక్సులు మాత్రం అసలు కాగితాలున్న బీరువాలో పెట్టకండి.