తిరువయ్యారు త్యాగరాజ ఆరాధన

త్యాగరాజ ఆరాధన, వాగ్గేయకారుడు త్యాగరాజు (1767–1847) స్మృత్యర్థం తమిళనాడులోని తిరువయ్యారులో ఏటా జరిగే సంగీతోత్సవం. తిరువయ్యారు తంజావూరుకు సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, కావేరీ తీరాన ఉన్న చిన్న పట్టణం. త్యాగరాజు తిరువారూరులో జన్మించినా, జీవితంలో అధికభాగం గడిపినదీ, కృతులలో ఎక్కువ భాగం రచించినదీ ఇక్కడే. ఆయన పుష్య బహుళ పంచమినాడు (1847 జనవరి 6) సిద్ధి పొందారు. ఆ తిథినాడే ఆరాధన జరుగుతుంది కనుక ఆంగ్ల తేదీ ఏటా మారుతుంది.

చరిత్ర

తొలిరోజులలో శిష్యులు ఎవరి ఇంట వారు గురువు పుణ్యతిథిని జరుపుకొనేవారు. సమాధి ఆలనాపాలనా లేక మరుగునపడింది. 1903లో, అప్పటికి వృద్ధులైన ప్రత్యక్ష శిష్యులు ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ దానిని గుర్తించి బాగుచేయించారు. కొద్దికాలానికే తిల్లైస్థానం సోదరులు నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ ఉత్సవాన్ని ఆరంభించారు. కాని వారిద్దరికీ పొసగలేదు. పెరియ కట్చి (పెద్ద పక్షం), చిన్న కట్చి (చిన్న పక్షం) అనే రెండు వర్గాలు ఏర్పడి, ఒకే మహనీయునికి ఏళ్ళ తరబడి వేర్వేరుగా ఉత్సవాలు జరిపాయి. స్త్రీలను సమాధి ముందు పాడనివ్వరాదన్న ఒక్క విషయంలో మాత్రం ఇరుపక్షాలదీ ఒకే మాట.

నాగరత్నమ్మ

ఈ ఉత్సవ చరిత్రలో ముఖ్యురాలు బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). దేవదాసీ కుటుంబంలో జన్మించిన ఈమె పేరుపొందిన గాయని. ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రచురించిన విదుషి కూడా ఈమెయే (ఆ గ్రంథాన్ని అశ్లీలమని నాటి ప్రభుత్వం నిషేధించగా, 1947లో నిషేధం తొలగింది). సమాధి మళ్ళీ శిథిలావస్థలో ఉన్నదని 1921లో తన గురువు బిడారం కృష్ణప్ప ద్వారా తెలుసుకొని, ఆమె తన ఆస్తిని వెచ్చించి అక్కడ ఆలయం కట్టించి, త్యాగరాజ విగ్రహాన్ని ప్రతిష్ఠింపజేసారు.

అయినను తాను కట్టించిన గుడి ముందు పాడే అవకాశం ఆమెకు లభించలేదు. ఆమె వెనుదీయక, 1920ల చివర నుండి తోటి కళాకారిణులతో కలిసి ఆలయం వెనుక భాగాన వేరుగా ఆరాధన జరిపించారు. దీనికి పెణ్ కట్చి (స్త్రీల పక్షం) అని పేరు వచ్చింది. 1940 ప్రాంతంలో, అధికారి ఎస్.వై. కృష్ణస్వామి చొరవతో, మూడు పక్షాలూ ఒకటయ్యాయి. అప్పటి నుండి స్త్రీలు, పురుషులు ఒకే వేదికపై పాడుతున్నారు.

పంచరత్న గోష్ఠి

నేడు ఆరాధన అనగానే గుర్తుకు వచ్చే పంచరత్న గోష్ఠిగానం ఈ ఏకీకరణ తరువాత స్థిరపడినదే, అనగా చాలామంది అనుకొనేటంత ప్రాచీనం కాదు. ఆరాధన నాటి ఉదయం విద్వాంసులు, విద్యార్థులు సమాధి ఎదుట బారులుగా కూర్చొని, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఐదు ఘనరాగ కృతులను ముక్తకంఠంతో పాడతారు. వీటిలో నాటరాగ కృతి సంస్కృతంలో ఉన్నది. మిగిలిన నాలుగూ తెలుగు. పాడేవారిలో అత్యధికుల మాతృభాష తెలుగు కాదు. ఆ సాహిత్యాన్ని వారు తమిళ, మలయాళ, కన్నడ లిపులలో వ్రాసుకొని కంఠస్థం చేస్తారు. అందువలన పదవిభజన అక్కడక్కడ తప్పుతుందన్న విమర్శ తెలుగువారిలో ఉన్నది. అయితే ఈ తెలుగు సాహిత్యాన్ని ఇంతకాలం గానంలో నిలిపినవారిలో వారి పాత్ర పెద్దది.

ఇతర ప్రాంతాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని పలు పట్టణాలలో సంగీతసభలు ఆరాధనలు జరుపుతాయి. అమెరికాలోని క్లీవ్‌లాండులో 1978 నుండి జరుగుతున్న ఉత్సవం విదేశాలలో పేరెన్నికగన్నది.

నాగరత్నమ్మ 1952లో మరణించారు. ఆమె సమాధి త్యాగరాజ సమాధికి చేరువనే ఉన్నది. అందులోని ఆమె విగ్రహం త్యాగరాజ సన్నిధి వైపు తిరిగి కూర్చొని ఉంటుంది.