3.4 కార్డు సంఖ్యకు బదులు టోకెన్

గత విభాగంలో కార్డు చెల్లింపు జరిగే తీరును పరిశీలించారు. అసలు కార్డు సంఖ్యను వ్యాపారి వద్ద ఉంచకుండానే చెల్లింపు జరిపే విధానాన్ని ఇప్పుడు తెలుసుకుందాం.

3.4.1 సమస్య

డెబిట్, క్రెడిట్ కార్డులపై సాధారణంగా 16 అంకెల సంఖ్య ఉంటుంది. రైలు టికెట్టుకైనా, మందులకైనా, పుస్తకాలకైనా అదే సంఖ్యను వాడతాం. ప్రతిసారీ టైపు చేసే శ్రమ లేకుండా ఆన్‌లైన్ వ్యాపార సంస్థలు ఈ సంఖ్యను తమ వద్ద భద్రపరచుకునేవి. పది చోట్ల ఉన్న సంఖ్య ఏ ఒక్క చోట బయటపడినా ప్రమాదమే. ఓటీపీ అడగని విదేశీ వెబ్‌సైట్లలో దానిని దుర్వినియోగం చేసే వీలుంది. అప్పుడు కార్డును రద్దు చేసుకోక తప్పదు.

3.4.2 టోకెన్ అంటే ఏమిటి?

అసలు కార్డు సంఖ్యకు బదులుగా వాడే మరో సంఖ్యే టోకెన్. దీనిని వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి కార్డు నెట్‌వర్కులు లేదా కార్డు జారీచేసిన బ్యాంకులు ఇస్తాయి. ఒకే కార్డుకు ఒక్కో వ్యాపారి వద్ద ఒక్కో టోకెన్ ఉంటుంది. పుస్తకాల సైటు నుంచి దొంగిలించిన టోకెన్ మందుల సైటులో చెల్లదు. దొంగతనం జరగకుండా ఆపడం కాదు, దొంగిలించినది పనికిరాకుండా చేయడమే ఈ విధానంలోని కీలకాంశం.

3.4.3 పనిచేసే తీరు

1. కార్డు వివరాలు భద్రపరచడానికి మీరు సమ్మతి తెలిపి, ఓటీపీతో ధ్రువీకరిస్తారు.
2. ఆ వ్యాపారికి మాత్రమే చెల్లే టోకెన్ తయారవుతుంది. వ్యాపారి వద్ద టోకెన్‌తో పాటు, గుర్తింపు కోసం కార్డు చివరి 4 అంకెలు, బ్యాంకు పేరు ఉంటాయి.
3. తరువాతి కొనుగోలులో వ్యాపారి టోకెన్‌ను పంపుతాడు. నెట్‌వర్కు దానికి సంబంధించిన అసలు సంఖ్యను గుర్తించి బ్యాంకుకు చేరుస్తుంది. బ్యాంకు అనుమతిస్తే చెల్లింపు పూర్తవుతుంది.

భారతీయ రిజర్వు బ్యాంకు 2019 జనవరిలో మొబైల్, టాబ్లెట్ల ద్వారా జరిపే చెల్లింపులకు టోకెన్లను అనుమతించింది. 2021 సెప్టెంబరులో వ్యాపారుల వద్ద భద్రపరచే కార్డులకూ విస్తరించింది. 2022 అక్టోబరు 1 నుంచి, కార్డు జారీచేసిన బ్యాంకులు, నెట్‌వర్కులు తప్ప మరెవరూ పూర్తి కార్డు వివరాలను నిల్వ చేయరాదు. టోకెన్‌కు ఖాతాదారు రుసుము చెల్లించనవసరం లేదు. తీసుకోవడం కూడా ఐచ్ఛికమే. వద్దనుకుంటే ఒక టోకెన్‌ను మాత్రమే తొలగించవచ్చు, కార్డు మార్చనక్కర లేదు.

3.4.4 పరిమితులు

వ్యాపారి వద్ద సమాచారం బయటపడినప్పుడు మాత్రమే టోకెన్ రక్షిస్తుంది. ఫోన్ చేసిన అపరిచితుడికి మనమే ఓటీపీ, పిన్ చెబితే అది కాపాడలేదు. మీరు చేయని లావాదేవీ గురించి ఎస్సెమ్మెస్ వస్తే వెంటనే బ్యాంకుకు తెలపండి. సైబర్ మోసమైతే 1930కు ఫోన్ చేయండి. బ్యాంకు తప్పు గాని, ఖాతాదారు తప్పు గాని లేని మోసాన్ని 3 పనిదినాలలోగా తెలిపితే ఖాతాదారుపై నష్టభారం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక వ్యాపారి వద్ద దొంగిలించిన టోకెన్ మరో వ్యాపారి వద్ద ఎందుకు చెల్లదు? 5 వాక్యాలలో వివరించండి.